కన్నమ్మ చెప్పిన వరస

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి, మా వాకిట్లో ఒక అమ్మాయి పీట వేసుకుని కూర్చుని మా మేనత్తతో కలిసి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మా అత్తమ్మ ఉన్నచోట ఊరికే కూర్చోవడం ఎవరి వల్లా కాదు. ఎనభై దాటినా, చెవులు సగం మూతబడినా, ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్లు, ఆ వెంటనే చేతికి ఏదో ఒక పని అందించడం మాత్రం ఆవిడ మానలేదు. నన్ను చూడగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది. మనిషి పొడుగ్గా, చక్కగా ఉంది, భుజాన సంచీ. నేను పోల్చుకోలేక తడబడుతుంటే తనే నవ్వింది. ఆ నవ్వులో కుడివైపు పన్ను మీద పన్ను కనబడగానే నాకు పేరు నోటిదాకా వచ్చేసింది.

"కన్నమ్మనే టీచరమ్మా. నా పెళ్లికి పిలుద్దామని వచ్చిన. గని ఒక్క షరతు. పందిట్ల నువ్వేం మాట్లాడొద్దు."

ఈ మాట అత్తమ్మకు ఎలా వినబడిందో ఏమో, ఒళ్లోని చిక్కుడుకాయలన్నీ కింద పడేంతగా నవ్వింది. పెళ్లికొడుకు ఎవరే అని నేనడిగితే కన్నమ్మ వంటింటి వైపు చూసి, ముందు తిననియ్, తిన్నంక చెప్తా అంది. అయిదేళ్ల వయసులోనూ ఇంతే. కడుపు నిండేదాకా ఆ పిల్ల నోటి నుంచి ఒక్క సమాధానం రాబట్టడం నావల్ల అయ్యేది కాదు. సరే, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికేలోగా నా మనసు సారపాక వెళ్లిపోయింది.

నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్స్‌లో. డిగ్రీ అయిపోయాక ఏం చేయాలో తోచక ఇంట్లో అద్దం ముందు, అమ్మ కంటి ముందు తిరుగుతుంటే, సారపాకలో ఉండే మేనత్త కబురు పంపింది. అడవిలోపలి ఊళ్లలో చిన్నపిల్లల బళ్లు నడిపే వాళ్లెవరో చదువుకున్న ఆడపిల్ల కోసం చూస్తున్నారని, తన ఇంట్లో ఉండి చేసుకోవచ్చని. జీతం పెద్దగా లేదు. అయినా అమ్మ తొందర తొందరగా నా బట్టలు సర్దేసింది. అప్పుడు అదంతా ఖమ్మం జిల్లానే. గోదావరికి ఇవతల మిల్లు, అవతల భద్రాచలం, చుట్టూ అడవి.

సారపాకలో దిగిన మనిషిని ముందుగా పలకరించేది కాగితం మిల్లు వాసన. వెదురు, జామాయిల్ కర్ర ఉడుకుతున్న వాసన, కాస్త కుళ్లిన గుడ్డు కలిసినట్టుగా. మొదటి వారం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగాను. అత్తమ్మ అది చూసి, "ఈ వాసనే మనకు బువ్వ పెట్టేది, దాని మీద కొంగు కప్పకు" అని మందలించింది. నెల తిరక్కుండానే నాకు ఆ వాసన తెలియడం మానేసింది. సెలవులకు కొత్తగూడెం వెళితే అక్కడి గాలిలో ఏదో తక్కువైనట్టు ఉండేది. మిల్లు కూతతోనే ఇంట్లో పనులు నడిచేవి. పొద్దుటి కూతకు చాయ్, మధ్యాహ్నం కూతకు మామయ్య అన్నం గిన్నె, సాయంత్రం కూతకు పొట్టు పొయ్యి.

ఆ పొట్టు పొయ్యి సంగతి చెప్పాలి. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ కోత మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టును గట్టిగా కూరి, ఆ తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి. మధ్యలో బోలు మిగులుతుంది. అందులో నిప్పు పెడితే గంటలు గంటలు కాలుతుంది. కూరడం మామయ్య పని. ఆయన మిల్లులో కాంట్రాక్టు కింద వెదురు దింపించే పని చూసేవాడు. కానీ ఆయన అసలు ఉద్యోగం ప్రసంగాలు వినడం. భద్రాచలంలో ఏ మైకు మోగినా అక్కడుండేవాడు. గుడి దగ్గర ప్రవచనం, మా చర్చి ఉజ్జీవ కూటం, మసీదు వీధిలో సభ, దేనికీ తేడా చూపేవాడు కాదు. చివరకు అందరూ ఒక్కటే చెప్తున్నరు, అంతా ఒక్కటే అని చెప్తున్నరు అంటూ ఇంటికొచ్చేవాడు. అందరూ ఒక్కటే చెప్తే ఏదో ఒక్కకాడికి పోయి మిగతా రోజులు ఇంట్ల ఉండరాదా అని అత్తమ్మ అడిగేది. ఆయన సీసా అందుకుని పొట్టు కూరడానికి కూర్చునేవాడు.

పొట్టు కూరుతున్నంతసేపూ మామయ్య నాకు పాఠం చెప్పేవాడు. "చూడు బిడ్డా, ఈ బోలుల ఉన్న గాలి, బయట ఉన్న గాలి వేరా? నడుమ పొట్టు అడ్డం ఉండబట్టి రెండనిపిస్తున్నది గని" అంటూ ఉత్సాహంగా సీసా పైకి లాగేవాడు. పొట్టంతా కుప్పకూలేది. ఇప్పుడు నిజంగనే అంతా ఒక్కటైందని అత్తమ్మ దణ్ణం పెట్టేది. ఆ సాయంత్రం చాయ్ ఆలస్యం. ఇరవై రెండేళ్ల నాకు మాత్రం ఆ మాటలు తెగ నచ్చేవి. ఇంత పెద్ద విషయం ఇంత చిన్న వాకిట్లో దొరుకుతున్నందుకు ఒళ్లు పొంగిపోయేది. దొరికినదాన్ని వెంటనే ఎవరికైనా చెప్పకపోతే నిద్రపట్టని వయసు. చెప్పడానికి నా చేతిలో పాతికమంది పిల్లలున్నారు.

నా బడి ఇప్పలగుంపులో. షేర్ ఆటోలో కొంత దూరం, ఆపైన కాలిబాట. కోయవాళ్ల ఊరు. బడి అంటే తాటాకు పందిరి, ఒక నల్లబల్ల, ఒక పెద్ద జావ కుండ. మధ్యాహ్నం పిల్లలందరికీ ఆ కుండలోంచే జొన్న జావ పోసేదాన్ని, ఎండబెట్టిన సొరకాయ బుర్రతో. భ్రమ లేకుండా చెప్పాలంటే, పిల్లలు నా చదువు కోసం కాదు, ఆ కుండ కోసం వచ్చేవాళ్లు. అందరికంటే ముందు వచ్చేది కన్నమ్మ. వాళ్ల నాన్న ముత్తయ్య ఊళ్లో మాట చెల్లే మనిషి. ఆయన చెల్లెలు బుచ్చక్క నాకంటే కొంచెం చిన్నది, పందిరి ఊడ్చి పెట్టేది, నాతో కలిసి జావ కాచేది. ఆమెకు వాగు అవతలి ఊరి ఎర్రయ్యతో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఎర్రయ్య పేరు ఎత్తితే చాలు, జావ కలిపే కర్ర ఆగిపోయేది.

ఆ ఏడాది అడవి అవతలి గొడవలు పడలేక, రాష్ట్రం దాటి కొన్ని కుటుంబాలు వచ్చి వాగు ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. వాళ్లూ కోయవాళ్లే. కానీ మాట యాస వేరు, కట్టు వేరు. ఆ గుడిసెల నుంచి హుంగి అని ఒక పిల్ల బడికి రావడం మొదలుపెట్టింది. పందిరి లోపలికి వచ్చేది కాదు. బయట రాయి మీద కూర్చుని మమ్మల్ని చూసేది. లోపలికి పిలిస్తే మా పిల్లలు జరిగి చోటిచ్చేవాళ్లు కాదు. కొట్టేవాళ్లూ కాదు, తిట్టేవాళ్లూ కాదు. వాళ్లు మనోళ్లు కాదు టీచర్ అని మామూలుగా, వాన పడుతోంది అన్నంత మామూలుగా చెప్పేవాళ్లు. నేను జావ బయటికే తీసుకెళ్లి పోసేదాన్ని. తాగి గిన్నె కడిగి, మళ్లీ ఆ రాయి మీదే కూర్చునేది. ఇలా ఎన్నాళ్లు వస్తుంది, ఒకరోజు మానేస్తుంది అని నాకు భయంగా ఉండేది. ఈ భయం చెబితే మామయ్య పొట్టు కూరడం ఆపి, పిల్లలకు ఏకత్వం బోధించు బిడ్డా అన్నాడు. అయిదేళ్ల పోరగాళ్లకు అదేం కూర అని అత్తమ్మ అడిగింది.

మొదలుపెట్టాను. సముద్రం, అలలు అని చెప్పాను. సముద్రం ఎట్లుంటదని అడిగారు. నేనూ చూడలేదు. గోదావరిలోకి మార్చాను. మీ వాగు నీళ్లు, గోదావరి నీళ్లు ఒక్కటే కదా అన్నాను. ఒక్కటి కాదన్నారు. వాగు చేప రుచి వేరు, గోదారి చేప రుచి వేరు, తిని చూడమన్నారు. బంగారం ఒక్కటే, నగలే వేరు వేరని చెబుదామంటే నా ఒంటి మీదే బంగారం లేదు. చివరికి మామయ్య తన ఆస్తిలోంచి శ్రేష్ఠమైనది తీసిచ్చాడు. గిన్నెలన్నింటిలో నీళ్లు పోయించు, అన్నింట్లో సూర్యుడు కనబడతాడు, పైన ఉన్నది మాత్రం ఒక్కడే అని చెప్పు. ఎంత అందంగా ఉందో అనుకున్నాను.

పిల్లలంతా జావ గిన్నెల్లో నీళ్లు పట్టుకుని ఎండలో కూర్చున్నారు. ఎవరి గిన్నెలో వాళ్లకు సూర్యుడు. ఇక చూడండి. నాది పెద్దది, నీది చిన్నదని మొదలైంది. ఒకడు తన సూర్యుణ్ని ఎవరూ చూడకుండా ఆకు మూతపెట్టాడు. ఇంకొకడు గడగడా తాగేసి, లోపలికి పోయిండు అని పొట్ట చూపించాడు. వాడి చుట్టూ పిల్లలు చేరి పొట్టకు చెవి ఆనించి విన్నారు. కన్నమ్మ తన సూర్యుణ్ని పట్టుకుందామని నీళ్లలో చేయి పెట్టింది. సూర్యుడు ముక్కలైపోయాడు. నేను పగలగొట్టిన అని ఒకటే ఏడుపు. పైన ఉన్నాడే, చూడు అంటే పైకి చూడలేక కళ్లు మూసుకుని మరీ ఏడ్చింది. అంతలో బయట రాయి మీదున్న హుంగి వచ్చి గిన్నె అంచు పట్టుకుని నీళ్లు కదలకుండా ఆపింది. సూర్యుడు మళ్లీ అతుక్కున్నాడు. కన్నమ్మ ఏడుపు ఆపి, హుంగి ముఖం వైపు మొదటిసారి సరిగ్గా చూసింది.

ఆ క్షణం పోనివ్వకూడదని, నోటికి వచ్చినది చెప్పేశాను. అలలూ వద్దు, సూర్యుళ్లూ వద్దు. అందరం ఈ నేల మీదే నడుస్తున్నాం, ఈ నేల పెట్టిందే తింటున్నాం, నేల మనందరికీ తల్లి, మనమంతా ఒక్క తల్లి పిల్లలం అన్నాను. కన్నమ్మ చాలాసేపు ఆలోచించి, అంటే మేమంత అన్నలు చెల్లెండ్లమా అని అడిగింది. అవ్ అన్నాను. హుంగి గూడనా అంది. హుంగి గూడ అన్నాను. అంతే. కన్నమ్మ పందిట్లోకి వెళ్లి తన పక్కనున్న వాణ్ని మోచేత్తో నెట్టి చోటు చేసింది. చెల్లెలైతే పక్కన కూర్చోవచ్చు, అందులో వాళ్లకు సందేహమేమీ లేదు. ఆ మధ్యాహ్నం హుంగి లోపల కూర్చుని జావ తాగింది. నేను ఆటోలో సారపాక దాకా పాడుకుంటూ వచ్చాను. మామయ్య ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున మేము చర్చికి బయలుదేరుతుంటే ముత్తయ్య గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, చాయ్ తాగలేదు. టీచరమ్మ జల్దీ రావాలె, బుచ్చక్క పెళ్లి ఆగింది అన్నాడు. ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. పెళ్లి ఖాయం చేసే రోజు, మళ్లీ పెళ్లి పందిట్లోనూ, రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని, ఈ ఇద్దరికి అన్నాచెల్లెండ్ల వరస ఎక్కడన్న కలుస్తదా, ఎరిగినోళ్లు చెప్పుండ్రి అని అందరి ముందూ అడుగుతారు. కోయవాళ్లలో గట్లుంటాయి, అంటే వంశాలు. ఒకే గట్టు వాళ్లు అన్నాచెల్లెళ్లతో సమానం, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. బుచ్చక్క వాళ్లది ఐదో గట్టు, ఎర్రయ్య వాళ్లది మూడో గట్టు. ఏ చిక్కూ లేదు. అడగడం ఆనవాయితీ, ఎవరూ పలకకపోవడమూ ఆనవాయితీ. ఆ పొద్దున మాత్రం కన్నమ్మ లేచింది. కలుస్తది, అందరం అన్నలు చెల్లెండ్లమే, మా టీచర్ చెప్పింది అని గట్టిగా, బళ్లో చెప్పినట్టే చేతులు కట్టుకుని చెప్పిందట.

మామయ్య మొహం వెలిగిపోయింది. పిల్లకు ఎంత బాగా పట్టుబడిందో చూశావా అన్నాడు. అత్తమ్మ ఆయన వంక ఒక్క చూపు చూసి, బైబిలు సంచిలో పెట్టుకుని తలుపుకు తాళం వేసింది. ఎక్కడికి అంటే, మీ ఇద్దరినే పంపితే అయిన పెళ్లిళ్లు గూడ చెడగొట్టొస్తరు, నేనొస్తున్న అంది.

ఇప్పలగుంపులో చింతచెట్టు కింద రెండు ఊళ్ల వాళ్లూ కూర్చుని ఉన్నారు. గాలంతా ఇప్పపూల తీపి వాసన, దానిలో కలిసి కోడికూర వాసన. పక్కన అన్నం వండి దించిన డేగిసాలు. ముందు వరసలో నా బడి పిల్లలు, మధ్యలో కన్నమ్మ, ఆమె చేయి పట్టుకుని హుంగి. బుచ్చక్క గుడిసె తలుపు చాటున నిలబడి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది.

ఎర్రయ్య తండ్రి సోమయ్య సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చిన్నపిల్ల మాటను పట్టుకున్నానని నవ్వుకోవద్దని ముందే చెప్పాడు. "రెండు గట్లు వేరని నాకు ఎరికే అమ్మా. గని నలుగుట్ల పడ్డ మాట నలుగుట్లనే విప్పాలె. ఇయ్యాల నవ్వి వదిలేస్తం. రేపు ఆ పిల్లకు జరమొచ్చినా, పుట్టిన బిడ్డకు నలత చేసినా, ఆనాడు ఒక మాట పడ్డది గదా అని ఎవలో ఒకలు అంటరు. అప్పుడు నా కోడలు ఏడ్వాలె." ఆయన చెప్పినదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. అందుకే ఇంకా భయమేసింది.

మామయ్య ఉండబట్టలేక లేచాడు. భద్రాచలంలో ఇన్నేళ్లు కింద కూర్చుని విన్న మనిషికి ఇన్నాళ్లకు చెప్పే అవకాశం దొరికింది. సముద్రం చెప్పాడు, కుండలో గాలి చెప్పాడు, సూర్యుణ్ని చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు. రెండనేదే లేదు, నువ్వు నేను ఈ చెట్టు అంతా ఒక్కటే అని చేతులు చాపి ముగించాడు. సోమయ్య, "గట్లయితే పిల్లనడుగుదామని నేనెవరింటికి వచ్చినట్టు బాబూ?" అన్నాడు. చెట్టు కింద అంతా ఒక్కసారి నవ్వారు. మామయ్య కూడా నవ్వి, ఆ ప్రశ్న బాగుందే అనుకుంటూ కూర్చున్నాడు. ముడి మాత్రం ఇంకాస్త బిగిసింది.

అప్పుడు సోమయ్య దారి చూపించాడు. చిన్న దారి. టీచరమ్మ అందరి ముందు ఒక్క మాట అంటే చాలు, పిల్లలకు నేను చెప్పింది ఉత్త కథ అని. మాట పోతుంది, పెళ్లి నిలుస్తుంది. అందరూ నా వైపు తిరిగారు. అనడానికి నోరు తెరిచాను కూడా. ముందు వరసలో పిల్లలు నా నోటి వంకే చూస్తున్నారు. హుంగికి తెలుగు అంతగా రాదు, కానీ తన సంగతే మాట్లాడుతున్నారని తెలిసిపోయింది. కన్నమ్మ చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకుంటోంది. నేను ఉత్త కథ అంటే ఆ చేయి పూర్తిగా వచ్చేస్తుంది. రేపటి నుంచి మళ్లీ రాయి. అనకపోతే తలుపు చాటున బుచ్చక్క. ఒక పిల్లను కూర్చోబెట్టడానికి ఇంకో పిల్ల పెళ్లి ఆపాలా? చివరికి అనలేను పెద్దాయనా, అది కథ కాదు అన్నాను. అని ఏడ్చేశాను. ఏడ్చే టీచరును మా పిల్లలు ఎప్పుడూ చూడలేదు. వాళ్లలో ఇద్దరు నాతోపాటు మొదలుపెట్టారు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ అత్తమ్మ చూపు డేగిసాల మీదే ఉంది. మూతల మీద ఆవిరి పోయింది. చర్చికి వెళ్లేరోజు ఆవిడ పొద్దున ఏమీ తినదు. లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని సోమయ్య ముందుకు వచ్చింది.

"ఏందయ్యా ఇది, పొద్దుగాల్నుంచి. మా ఇంట్ల అందరికి ఒక్కటే బువ్వ గిన్నె. అందరం దాంట్లకెళ్లే తింటం. తిన్నంక ఎవరి సాప వాళ్లు పరుసుకుంటం. సాపలు వేరైనయని బువ్వ వేరైందా? బువ్వ ఒక్కటని అందరం ఒక్క సాప మీద పంటున్నమా? అన్నం కాడ అందరు ఒక్కతల్లి పిల్లలే. పెండ్లి కాడ ఎవరి గట్టు వాళ్లదే. మా కోడలు చెప్పింది అన్నం కాడి మాట. మీరు అడిగింది పెండ్లి కాడి మాట. రెంటిని కలిపి గెలికింది ఆ పోరి. ముందు దానికింత బువ్వ పెట్టుండ్రి."

సోమయ్య కన్నమ్మను దగ్గరకు పిలిచి, మీ టీచరమ్మ చెప్పింది అన్నం కాడి మాటేనా అని అడిగాడు. కన్నమ్మ ఇటూ అటూ చూసింది. ఆట కాడ గూడ అంది. ఇంకాస్త ఆలోచించి, ఏడుపు కాడ గూడ అని కలిపింది. పెండ్లి కాడనో అంటే, నాకు ఎరికలేదు, ఆకలైతుంది అంది. సోమయ్య నవ్వాడు. ఆ నవ్వుతో మాట విడిపోయిందనే అందరం అనుకున్నాం. ముత్తయ్య విస్తర్లు అందుకోబోయాడు.

సోమయ్య చేయి అడ్డం పెట్టాడు. చెట్టుకు దూరంగా, కంచె అవతల, హుంగి తల్లి, ఆ గుడిసెల వాళ్లు ఇంకొందరు నిలబడి ఉన్నారు. ఆ రోజు తినే మోదుగాకు విస్తర్లు కుట్టి తెచ్చింది వాళ్లే. ఇచ్చేసి, పిల్ల కోసం ఆగారు.

"అన్నం కాడ ఒక్కటే అని ఇప్పుడే అనుకుంటిమి గదా ముత్తయ్యా," అన్నాడు సోమయ్య. "మరి వాళ్లు గాడ నిలబడ్డరేంది? వాళ్లు కూసుంటే టీచరమ్మ మాట నిజం, పెండ్లి ఖాయం. నిలబడితే ఉత్త కథే."

పిల్లలను ఒక పందిట్లో కూర్చోబెట్టి నేను సంబరపడ్డానే గానీ, పెద్దవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు. ముత్తయ్య విస్తర్ల కట్ట చేత్తో పట్టుకుని కాసేపు నేల చూశాడు. తర్వాత తనే కంచె దాకా నడిచి వెళ్లాడు. ఏమన్నాడో మాకు వినబడలేదు. వాళ్లు మొదట రాలేదు. హుంగి పరుగెత్తి వెళ్లి తల్లి కొంగు పట్టి లాగింది. వచ్చారు. వరసలో కూర్చున్నారు. అత్తమ్మ ఎవరూ చెప్పకుండానే గరిట అందుకుని వడ్డన మొదలుపెట్టింది. చివర్లో హుంగి అన్న దేవా మేకలను తోలుకుంటూ వచ్చి, ఏం జరుగుతోందో అడక్కుండానే కూర్చుని అందరికంటే ఎక్కువ తిన్నాడు. వాడికి వడ్డించీ వడ్డించీ అత్తమ్మ చేయి నొప్పి పుట్టిందట, ఆటోలో ఇంటిదాకా అదే చెప్పింది. మామయ్య మాత్రం దారంతా, చాపల ఉదాహరణ ఏ ప్రవచనంలోనూ వినలేదే అని ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. బుచ్చక్క పెళ్లి ఆ ఎండాకాలమే జరిగింది.

ఇప్పుడు మామయ్య లేడు, అత్తమ్మ నా దగ్గరే ఉంటోంది. పొట్టు పొయ్యి లేదు, గ్యాస్ మీద అన్నం చప్పుడు లేకుండా ఉడికిపోతుంది. ఇప్పలగుంపు దాకా రోడ్డు పడిందట. నా సంగతి చూస్తే, ఈ ఇరవై ఏళ్లలో నాలుగు మాటలు రాయడం నేర్చి, సభలకు పిలిస్తే వెళ్లి మనుషులంతా ఒక్కటేనని మైకు ముందు గంటసేపు చెప్పి శాలువా కప్పించుకుని వస్తున్నాను. మా పైవాటా కిరాయి వాళ్ల పేరు మాత్రం నాకు తెలియదు. అత్తమ్మకు తెలుసు, వాళ్ల పిల్లలు ఏ పూట ఏం తిన్నారో కూడా తెలుసు. ఆ రోజుల్లో నా దగ్గర మాటలు సరిగ్గా లేవు, కానీ చెప్పిన మాట వెనక కుండ ఉండేది, సొరకాయ బుర్ర ఉండేది, పక్కన జరిగి చోటిచ్చే పిల్లలుండేవారు. అవి తలుచుకుంటే ఇప్పటి నా ప్రసంగాల మీద నాకే నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది.

కన్నమ్మ చిక్కుడుకాయ కూరతో రెండుసార్లు పెట్టించుకుని, మజ్జిగ పోసుకుని, చేయి కడుక్కుంది. తను ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. తినేశావుగా, ఇక చెప్పవే అన్నాను.

"హుంగి వాళ్ల అన్న. దేవా."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో ఒప్పుకున్నారా, గట్లు అడిగారా అని ఏదో అడిగాను.

"అడగకుంటరా? వాళ్లది నాలుగు, మాది ఐదు. మస్తు వేరు వేరే టీచరమ్మా," అని కన్నమ్మ పన్ను మీద పన్ను కనబడేలా నవ్వింది. ఆపైన కాస్త గంభీరమై, పందిట్లో మళ్లీ వరస అడుగుతారని, తన అంగన్‌వాడీ పిల్లలంతా ముందే వచ్చి ముందు వరసలోనే కూర్చుంటారని, వాళ్లలో ఎవరో ఒకరు లేచి తనలాగే చెబుతారేమోనని భయంగా ఉందని చెప్పింది. వాళ్లకు నువ్వేం చెప్పావే అన్నాను. ఏం చెప్తా, నువ్వు చెప్పిందే అంది.

అత్తమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని కునుకు తీస్తోందనే అనుకున్నాం. కళ్లు తెరిచి, దేవా అంటే ఆ మేకల పోరడేనా, మస్తు తింటడు, బియ్యం ఎక్కువ పొయ్యమని చెప్పు మీ నాయనకు అంది. తర్వాత నా వైపు చేయి చాపింది, లేపమని.

"నా మంచి చీర బయటికి తియ్యి. మీ మామయ్య లేడు గని, మీరిద్దరున్నరు గదా చెడగొట్టనీకి. నేను రాకుంటే ఎట్ల?"